అటక మీంచి దిగిన పాత కీప్యాడ్: దేనికి పనికొస్తుంది, దేనికి వద్దు

గోదావరి జిల్లాల ఇళ్లలో అటకల మీద ఏముంటాయో ఇంట్లోవాళ్లకే సరిగ్గా తెలియదు. కువైట్ నుంచి వచ్చిన టేప్‌రికార్డర్, అమెరికా వెళ్లిన బాబాయి ఎప్పుడో తెచ్చిన వీడియోగేమ్, ఎవరో ఇచ్చిపోయిన కంప్యూటర్ సామాను. కంప్యూటర్ ఎప్పుడో పోయి ఉంటుంది, దాని అడాప్టర్ అంతకంటే ముందే పోయి ఉంటుంది. మిగిలేది అరచేతి వెడల్పున్న కీప్యాడ్ ఒకటి, దానికో వైరు, చివర తొమ్మిది రంధ్రాల ప్లగ్గు. పాత సామాన్లవాడికి వేస్తే తూకానికి కూడా రాదు. అలాగని పారేయబుద్ధీ కాదు.

దీన్ని మళ్లీ వాడుకునే దారులు చాలానే ఉన్నాయి. ల్యాప్‌టాప్‌కు నంబర్ ప్యాడ్‌గా, ఫోటో స్టూడియోలో షార్ట్‌కట్లకు, పెళ్లి లైవ్‌లో కెమెరాలు మార్చడానికి, నాటకంలో శబ్దాలకు, పిల్లలకు అక్షరాలు నేర్పడానికి. చెరువు మీద ఏరేటర్ స్టార్టర్‌కు తగిలిద్దామనే వీరులూ ఉన్నారు. అన్నీ అన్ని ప్యాడ్‌లతో కుదరవు. రెండు సంగతులు చూసుకుంటే చాలావరకు తేలిపోతుంది: ప్యాడ్ లోపల ఏముంది, పొరపాటున ఒక బటన్ పలక్కపోతే మీకు పోయేది ఎంత. ఆ రెండూ తేలేదాకా వైరు మాత్రం కోయకండి.

లోపల ఏముంది?

1970ల చివర్లో, 1980లలో వీడియోగేములకు, హోమ్ కంప్యూటర్లకు వచ్చిన కీప్యాడ్‌లలో కొన్నిటికి అసలు బుర్రే ఉండదు. ఉత్త స్విచ్చులు, అడ్డ వరుసలు, నిలువు వరుసలు, ఇంచుమించు అంతే. అమెరికా వీడియోగేముల కంపెనీ అటారీ అమ్మిన పన్నెండు బటన్ల ప్యాడ్‌లు ఈ రకం. జతగా అమ్మిన సీఎక్స్50, 1982లో స్టార్ రైడర్స్ గేమ్‌తో వచ్చిన సీఎక్స్21, చిన్నపిల్లల కోసం పెద్ద బటన్లతో చేసిన సీఎక్స్23, మూడూ లోపల ఒకటే. ప్లగ్గులో 1 నుంచి 4 వరకు పిన్నులు (ఇక్కడ పిన్ను అంటే ఆ నంబరు రంధ్రమే) నాలుగు అడ్డ వరుసలవి. 5, 9, 6 పిన్నులు ఎడమ, మధ్య, కుడి నిలువు వరుసలవి. 7వది 5 వోల్టుల సప్లై. మల్టీమీటర్‌ను బీప్ మీద పెట్టి 1వ పిన్నుకూ 5వ పిన్నుకూ ఆనించి, అంకె 1 నొక్కితే మోగాలి. మోగిందంటే మీ అదృష్టం పండినట్టే. ఏ పనికైనా ఇదే అన్నిటికంటే తేలికైన రకం.

రెండో రకానికి కాస్త బుర్ర ఉంటుంది. అటారీ ఇంటి కంప్యూటర్లకు లెక్కల కోసం చేసిన సీఎక్స్85 అలాంటిది. దానికి పదిహేడు బటన్లు. అంకెలతో పాటు ఎస్కేప్, డిలీట్, ‘యెస్’, ‘నో’ అని కూడా ఉంటాయి. అది కూడా జాయ్‌స్టిక్ సాకెట్‌లోకే వెళ్తుంది గానీ, ఏ బటన్ నొక్కారో ఐదు వైర్ల మీద కోడ్‌గా మార్చి పంపుతుంది. ఫైర్ బటన్ వైరు మీద ‘ఇప్పుడు నొక్కారు’ అని విడిగా కబురు చెబుతుంది. దీన్ని మీటర్‌తో బీప్ కొట్టించి చూస్తే ఏమీ అర్థం కాదు, పాడైపోయిందనుకుని పక్కన పడేస్తారు. 5 వోల్టులు ఇస్తేనే అది నోరు విప్పుతుంది.

మూడో రకానికి సొంత ప్రాసెసరే ఉంటుంది. 1984లో మొదటి మెకింతోష్‌కు తోడుగా ఆపిల్ అమ్మిన ఎం0120 నంబర్ ప్యాడ్ దీనికి మంచి ఉదాహరణ. ఆ మెకింతోష్ కీబోర్డుకు బాణం గుర్తుల కీలే లేవు. అవి కావాలంటే ఈ ప్యాడ్ కొనుక్కోవాల్సి వచ్చేది. దీని సాకెట్ అచ్చం ల్యాండ్‌లైన్ రిసీవర్ వైరుది లాగే ఉంటుంది. ఇంట్లో పాత బీఎస్‌ఎన్‌ఎల్ ఫోన్‌ది మెలికల వైరు ఉంది కదా, సరిపోయింది కదా అని గుచ్చేశారంటే ప్యాడ్ కాలిపోయే ప్రమాదం ఉంది. రిసీవర్ వైరులో రెండు చివర్ల మధ్య తీగలు తారుమారుగా ఉంటాయి, మెకింతోష్ వైరులో తిన్నగా ఉంటాయి. వైరు సరైనదైతే మాత్రం దీనికి దారి సులువు. టీఎంకే అనే ఉచిత ఫర్మ్‌వేర్‌లో (చిన్న బోర్డులోకి ఎక్కించే ప్రోగ్రాంలో) ఈ కీబోర్డు, ప్యాడ్ రెండింటికీ యూఎస్‌బీ కన్వర్టర్ ప్రోగ్రాం సిద్ధంగా ఉంది.

ప్లగ్గు చూసి మోసపోయేది తొమ్మిది పిన్నుల వాటితోనే ఎక్కువ. మన ఊళ్లలో ఒకప్పుడు ప్రతి ఎలక్ట్రానిక్స్ షాపులోనూ అమ్మిన టీవీ గేముల జాయ్‌స్టిక్కులకు కూడా చాలావాటికి ఇదే ప్లగ్గు. సెగా మెగాడ్రైవ్ అనే గేమ్ మెషీన్‌కీ ఇదే. కానీ అటారీలో 7వ పిన్ను మీద ఉండే 5 వోల్టులు సెగాలో 5వ పిన్ను మీద ఉంటాయి. పాత పీసీ వెనక ఉండే సీరియల్ పోర్టు కూడా ఇదే ఆకారం. అందులో మైనస్ వోల్టులు కూడా వస్తాయి. అందులో గుచ్చి చూద్దామనే సరదా అసలు వద్దు.

బిల్లులకు, లెక్కలకు

అందరికీ మొదట తట్టేది ఇదే. ల్యాప్‌టాప్‌లో నంబర్ ప్యాడ్ లేదు, షాపులో టాలీ కొట్టాలి, లేదా రొయ్యల కౌంటూ తూకాలూ ఎక్సెల్‌లో ఎక్కించాలి. చేతిలో ప్యాడ్ ఉండనే ఉంది.

వద్దండి. కొత్త యూఎస్‌బీ నంబర్ ప్యాడ్ కొన్ని వందల రూపాయలకు వస్తుంది, గుచ్చగానే పని చేస్తుంది. పాతదాన్ని యూఎస్‌బీకి మార్చడానికి కావాల్సిన చిన్న బోర్డు, సాకెట్, వైర్లు కలిపితే దాదాపు అంతే అవుతుంది, పైగా మీ ఆదివారం పోతుంది. అది కూడా పెద్ద సంగతి కాదు. అసలు ఇబ్బంది బటన్లతో. నలభై ఏళ్ల నాటి బటన్ ఒక్కోసారి నొక్కినా పలకదు, ఒక్కోసారి రెండుసార్లు పలుకుతుంది. 4,500 రాయాల్సిన చోట 450 పడితే ఆ తేడా ఎప్పుడో నెలాఖరున బయటపడుతుంది. అప్పుడు గుమస్తా మీద అరిచి లాభం లేదు.

పన్నెండు బటన్ల ప్యాడ్‌లకు ఇంకో చిక్కుంది. కాలిక్యులేటర్‌లో 7-8-9 పైన ఉంటాయి, ఫోన్‌లో 1-2-3 పైన ఉంటాయి. ఫోన్ బటన్లు ఎలా అమర్చితే జనానికి వీలుగా ఉంటుందో అమెరికా ఫోన్ కంపెనీ పరిశోధనశాల బెల్ ల్యాబ్స్ వాళ్లు పరీక్షలు పెట్టి చూసి, ఆ ఫలితాలను 1960లో అచ్చువేశారు. 1963లో వచ్చిన బటన్లు నొక్కే టచ్‌టోన్ ఫోన్లతో 1-2-3 పైన ఉండే వరుస స్థిరపడిపోయింది. అటారీ పన్నెండు బటన్ల ప్యాడ్‌లు ఆ ఫోన్ వరుసలోనే ఉంటాయి, కింద స్టార్ గుర్తు, సున్నా, హ్యాష్‌తో సహా. రైస్‌మిల్లులో ఇరవై ఏళ్లుగా కాలిక్యులేటర్ కొట్టిన చెయ్యి చూడకుండానే పైవరుసలో 7 ఉందనుకుని కొట్టేస్తుంది. కస్టమర్ల ఫోన్ నంబర్లు ఎక్కించడానికైతే ఈ వరుస బాగానే ఉంటుంది, డబ్బు లెక్కలకు మాత్రం కాదు. సీఎక్స్85, ఎం0120 రెండూ కాలిక్యులేటర్ వరుసలో ఉంటాయి కాబట్టి, లెక్కలకే వాడి తీరతానంటే ఆ రెండింట్లో ఒకటి చూసుకోండి. ఇంటి ఖర్చులు రాసుకోవడానికైతే పరవాలేదు, షాపుకు వద్దు.

స్టూడియోకు, పెళ్లి లైవ్‌కు

నన్నడిగితే పన్నెండు బటన్ల ప్యాడ్ పుట్టిందే ఇందుకా అనిపిస్తుంది. ఆ కాలంలోనే వాటి మీద ఒక్కో గేముకు ఒక్కో ప్లాస్టిక్ కాగితం పరిచేవారు, ఏ బటన్ ఏం చేస్తుందో దాని మీద అచ్చు వేసి ఉండేది. ఆ సదుపాయాన్ని మనం వాడుకోవచ్చు.

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు కరిజ్మా ఆల్బమ్‌లు డిజైన్ చేసే కుర్రాళ్లు రోజంతా ఫోటోషాప్‌లో అవే నాలుగైదు పనులు వందలసార్లు చేస్తుంటారు. ముఖానికి వెలుగు పెంచడం, సైజు మార్చి సేవ్ చేయడం, పేజీకి బార్డర్ వేయడం. ఇవన్నీ యాక్షన్లుగా రికార్డు చేసి ఒక్కోదానికి కంట్రోల్‌తోనో షిఫ్ట్‌తోనో ఒక ఫంక్షన్ కీ ఇచ్చుకోవచ్చు. ప్యాడ్‌లోని ఒక్కో బటన్ ఆ జంట కీలను పంపేలా చేస్తే ఎడమచేతికి పని తగ్గిపోతుంది. ఫ్లెక్స్ ప్రింటింగ్ షాపు పక్కనే ఉంటుంది కాబట్టి, కొలత ఇచ్చి తెలుగులో పేర్లు రాసిన కాగితం ఒకటి అచ్చు వేయించి లామినేట్ చేయించి పరిచేయండి. ఒక బటన్ పలక్కపోతే మళ్లీ నొక్కుతారు, పోయేదేమీ లేదు.

పెళ్లి లైవ్‌కు ఇంకా బాగా కుదురుతుంది. డల్లాస్‌లో ఉన్న బంధువుల కోసం యూట్యూబ్‌లో లైవ్ పెట్టని పెళ్లి ఇప్పుడు మన దగ్గర తక్కువే. లైవ్ పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్‌లో మండపం కెమెరా, క్లోజప్, భోజనాల దగ్గరి కెమెరా అని సీన్లు పెట్టుకుని కీలతో మార్చుకుంటారు. మామూలు కీబోర్డులో ఎఫ్12 దాకానే ఉంటుంది గానీ, విండోస్‌కు ఎఫ్13 నుంచి ఎఫ్24 దాకా కూడా తెలుసు. అవి సరిగ్గా పన్నెండు. మన ప్యాడ్‌లోనూ పన్నెండే. ఆ కీలు వేరే ఏ పనికీ వాడరు కాబట్టి, జీలకర్రబెల్లం టైముకు ఎవరో ల్యాప్‌టాప్ మీద చెయ్యి వేసినా సీన్ మారిపోయే భయం ఉండదు. ఒక్క జాగ్రత్త: లైవ్ ఆపే కీని మాత్రం ఈ ప్యాడ్ మీద పెట్టకండి.

పన్నెండు బటన్ల ప్యాడ్‌కు తయారీ ఇలా. యూఎస్‌బీ కీబోర్డులా తనంతట తానే కనిపించే చిప్ ఉన్న బోర్డు కావాలి. ఏటీమెగా 32యూ4 చిప్ ఉన్న ప్రో మైక్రో, 5 వోల్టుల రకం, దీనికి సరిగ్గా సరిపోతుంది. చేతిలో ఉంది కదా అని ఆర్డునో ఊనో అనే బోర్డు పాత రకంతో (ఆర్3) మొదలుపెట్టకండి, దాని అసలు చిప్‌కు యూఎస్‌బీ లేదు. ప్యాడ్ వైరును ముట్టుకోకుండా, దాని ప్లగ్గు దూరే తొమ్మిది పిన్నుల సాకెట్ ఒకటి కొని, ఆ సాకెట్ నుంచే బోర్డుకు సోల్డరింగ్ చేయండి. ఆర్డునో సాఫ్ట్‌వేర్‌లో కీప్యాడ్ లైబ్రరీ, కీబోర్డ్ లైబ్రరీ (ముందే రాసిపెట్టిన ప్రోగ్రాం ముక్కలు) కలిపితే ప్రోగ్రాం పేజీ దాటదు. కాకినాడలోనో భీమవరంలోనో ఇంజనీరింగ్ చదివే పిల్లలెవరైనా తెలిస్తే ఒక సాయంత్రం పని.

చాలామంది ఆగిపోయే చోటు ఒకటుంది. అంతా కలిపాక 1 నొక్కితే 1, 2 రెండూ పడుతుంటాయి. బటన్లు పాడయ్యాయనుకుని ప్యాడ్ విప్పేస్తారు. తప్పు బటన్లది కాదు. ఈ ప్యాడ్ లోపల 5, 9 పిన్నుల నుంచి 7వ పిన్నుకు 4.7 కిలో ఓముల రెసిస్టర్లు రెండున్నాయి. 7వ పిన్నును ఎక్కడా కలపకుండా వదిలేస్తే ఆ రెండు రెసిస్టర్ల మీదుగా ఎడమ వరుసా మధ్య వరుసా ఒకదానికొకటి అంటుకున్నట్టే. ఒకటి కిందికి దిగితే రెండోదాన్నీ లాగుతుంది. 7వ పిన్నును బోర్డు సప్లైకి కలపగానే ఈ జబ్బు పోతుంది. ప్రో మైక్రో బదులు రాస్ప్‌బెర్రీ పై పికో అనే బోర్డు వాడుతుంటే 5 వోల్టులకు కాదు, దాని 3.3 వోల్టుల పిన్నుకు కలపాలి. పికో పిన్నులు 5 వోల్టులు తట్టుకోలేవు. సీఎక్స్85కు 5 వోల్టులు తప్పనిసరి కాబట్టి, దానికి పికో కంటే ప్రో మైక్రోనే మేలు.

ఒకేసారి రెండు మూడు బటన్లు నొక్కే పనులకు మాత్రం ఈ ప్యాడ్‌లు పనికిరావు. ఒక చతురస్రం మూలల్లో మూడు బటన్లు కలిపి నొక్కితే, నొక్కని నాలుగోది కూడా నొక్కినట్టు కనిపిస్తుంది. లోపల డయోడ్లు (కరెంటును ఒకవైపే పోనిచ్చే భాగాలు) లేకపోవడం వల్ల వచ్చేదే ఇది. స్టూడియో పనికి ఎప్పుడూ ఒక్క బటనే కాబట్టి ఇబ్బంది లేదు.

నాటకానికి, బడికి

కంప్యూటరే అక్కర్లేని దారి ఇది. డీఎఫ్‌ప్లేయర్ మినీ అని బొటనవేలంత మాడ్యూల్ ఒకటి దొరుకుతుంది. 32 జీబీ దాకా మైక్రో ఎస్‌డీ కార్డు పెట్టుకుంటుంది, ఎంపీ3 పాటలు వాయిస్తుంది, చిన్న స్పీకర్‌కు సరిపడా యాంప్లిఫయర్ దాని మీదే ఉంటుంది. ఇక్కడ యూఎస్‌బీ కీబోర్డు గొడవ లేదు కాబట్టి ఆర్డునో ఊనో, నానో ఏదైనా చాలు. బోర్డు నుంచి మాడ్యూల్‌కు వెళ్లే సీరియల్ వైరు మధ్యలో ఒక కిలో ఓము రెసిస్టర్ పెట్టండి, లేకపోతే స్పీకర్‌లో గుయ్‌మంటూ ఒకటే రొద.

పౌరాణిక నాటకాలు ఇంకా బతికి ఉన్న నేల ఇది. శంఖం, పిడుగు, గుర్రాల డెక్కలు, తెర లేచేటప్పుడు గంట, వీటన్నిటినీ ఇప్పుడు ఎవరో ఒకరు ఫోన్‌లో వెతికి వాయిస్తున్నారు. సరిగ్గా పిడుగు పడే టైముకు ఆ ఫోన్‌కు కాల్ వస్తుంది. ఒక్కో బటన్‌కు ఒక్కో శబ్దం పెట్టిన ప్యాడ్ మైకు సెట్టు కుర్రాడి దగ్గరుంటే ఆ టెన్షన్ ఉండదు. పరిమితి కూడా చెప్పాలి: ఈ మాడ్యూల్ ఒకసారికి ఒక శబ్దమే వాయిస్తుంది. వాన చప్పుడు నడుస్తుండగా మధ్యలో పిడుగు కావాలంటే, రెండూ కలిపి ఒకే ఫైలుగా ముందే చేసుకోవాలి.

పిల్లలకైతే ఇదే అమరిక అక్షరాలతో. ఋను కాసేపు పక్కన పెడితే అ ఆ ఇ ఈ ఉ ఊ ఎ ఏ ఐ ఒ ఓ ఔ సరిగ్గా పన్నెండు అచ్చులు, నాలుగు వరుసల్లో మూడేసి. నొక్కితే అమ్మమ్మ గొంతు ‘అ’ అంటుంది. పెద్ద బటన్ల సీఎక్స్23 దొరికితే మూడేళ్ల పిల్లలకు అంతకంటే మంచిది లేదు. నాటకానికా, పిల్లలకా అని తేల్చుకోలేకపోతే కార్డులు రెండు పెట్టుకోండి. మార్చాల్సింది కార్డూ, పైన పరిచే కాగితమూ మాత్రమే.

చెరువు గట్టు మీదికి మాత్రం వద్దు

ఆకివీడు, ఉండి వైపు ఎలక్ట్రానిక్స్ సరదా ఉన్న రైతుకు ఈ ఆలోచన రాకుండా ఉండదు. కీప్యాడ్‌లో నంబర్ కొడితే ఏరేటర్ ఆన్, ఇంకో నంబర్ కొడితే ఆఫ్. వినడానికి బాగుంటుంది. తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువకు పడిపోతుంది, ఏరేటర్ తిరిగి తీరాల్సింది అప్పుడే. ఆ టైముకు కరెంటు పోయి వచ్చిందనుకోండి, చిన్న బోర్డు మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. అంతకుముందు ఏరేటర్ ఆన్‌లో ఉందో లేదో దానికి గుర్తుండదు. మీరు నిద్రలో ఉంటారు. పైగా ఉప్పుగాలిలో, తడిలో పాత బటన్ నొక్కుకుపోయి ఉండిపోవచ్చు. త్రీఫేజ్ కరెంటు దగ్గర తడి చేతులతో ఇంట్లో చేసిన డబ్బా ముట్టుకోవడం గురించి వేరే చెప్పక్కర్లేదు. స్టార్టర్ పని స్టార్టర్‌నే చేయనివ్వండి. గేటు తాళానికి పాస్‌వర్డ్ ప్యాడ్‌గా వాడదామన్నా నాది ఇదే మాట.

శుభ్రం చేయడం

ఏ దారి ఎంచుకున్నా ముందు శుభ్రం చేయక తప్పదు. నరసాపురం, మొగల్తూరు, అంతర్వేది లాంటి సముద్రం దగ్గరి ఊళ్లలో ఉన్న సామానుకు ప్లగ్గు పిన్నుల మీద ఆకుపచ్చగా చిలుం పడుతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ముంచిన దూదిపుల్లతో తుడిస్తే చాలావరకు పోతుంది. బటన్ల కింద నల్లటి కార్బన్ చుక్కలుంటే వాటినీ అలాగే మెల్లగా తుడవండి, ఉప్పుకాగితంతో రుద్దితే ఆ పూత లేచిపోతుంది. పల్చటి ప్లాస్టిక్ పొరల మీద గీతలు అచ్చు వేసిన రకమైతే వంచకండి, ముడత పడిన చోట గీత తెగిపోతుంది. తుడిచాక కూడా ఒక వరుస మొత్తం పలకడం లేదంటే, బటన్ల కంటే ముందు వైరు ప్లగ్గులోకి వెళ్లే మలుపు దగ్గర చూడండి. తెగేది ఎక్కువగా అక్కడే.

ఏమీ చేయకుండా ఉంచేయడం

ఇది కూడా ఒక ఎంపికే, కొన్నిటికి ఇదే సరైనది. 1985లో స్పెయిన్‌లో స్పెక్ట్రమ్ 128 కంప్యూటర్‌తో వచ్చిన కీప్యాడ్ లాంటిది మీ చేతిలో పడితే విప్పకండి. బ్రిటన్‌లో ఆ కంప్యూటర్‌కు కీప్యాడ్ సాకెట్ ఉంది గానీ ప్యాడ్ అక్కడ దొరకడమే గగనమైంది. అలాంటివి వెతుక్కునేవాళ్లకు అసలు పెట్టె, మాన్యువల్, పైన పరిచే కాగితాలతో సహా ఉన్నది కావాలి. సోల్డరింగ్ మచ్చ పడ్డాక వాళ్లు చూడరు. సీఎక్స్85 కూడా దాని పెట్టె, డిస్కుతో కలిపి ఉంటే నేనైతే ముట్టుకోను.

పన్నెండు బటన్లవి మాత్రం అప్పట్లో బాగానే అమ్ముడుపోయాయి, విడిగా దొరికినవాటిని నిస్సంకోచంగా వాడుకోండి. సాకెట్ పద్ధతిలో కలిపితే ప్యాడ్ చెక్కుచెదరదు. రేపు ఎవరైనా అసలు అటారీతో వాడుకోవడానికి అడిగితే ప్లగ్గు పీకి ఇచ్చేయొచ్చు. ఏ పిన్ను ఏ వరుసదో, 7వది దేనికి కలపాలో ఒక చీటీ మీద రాసి, ప్యాడ్‌తో పాటు గాలి చొరబడని డబ్బాలో రెండు సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి.